కార్డుతో వచ్చిన బీమా: కారుకా, మనిషికా?

ఆ ఉదయం లాస్ వేగస్ విమానాశ్రయంలో అద్దె కారు కౌంటర్ ముందు మేం ఆరుగురం నిలబడ్డాం. నేను, మా ఆవిడ, మా ఎనిమిదేళ్ల పాప, విజయవాడ నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య, హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది. గ్రాండ్ కేన్యన్ చూడాలని మావయ్యకు ఎన్నాళ్లనుంచో కోరిక. అందరం పట్టేలా మినీవ్యాన్ తీసుకున్నాం. బండికి డ్యామేజీ కవర్ తీసుకుంటారా అని కౌంటర్‌లో అమ్మాయి అడిగింది, రోజుకు 29 డాలర్లు. "వద్దండీ, నా క్రెడిట్ కార్డుకు ఉంది" అన్నాను. వద్దన్నట్టు ఒకచోట సంతకం పెట్టించుకుంది. "మీరు కాక ఇంకెవరైనా నడుపుతారా?" అని కూడా అడిగింది. వెనక పొడవాటి వరుస, పాపకు ఆకలి. "లేదు, నేనొక్కణ్ణే" అన్నాను.

కింగ్‌మన్ దాటి, ఐ-40 మీద విలియమ్స్ ఊరికి చేరేసరికి నాకు కళ్లు మంటలెత్తుతున్నాయి. "బావా, పొద్దున్నుంచీ నువ్వే తోలుతున్నావు. ఇక్కణ్ణుంచి నాకివ్వు" అన్నాడు బావమరిది. వాడికి పదిహేనేళ్ల అనుభవం ఉంది, లైసెన్సు జేబులోనే ఉంది. అత్తగారి ముందు, మావగారి ముందు "నీ పేరు కాగితంలో లేదు, ఇవ్వను" అని ఎలా అంటాం? తాళాలు ఇచ్చాను. పెట్రోల్ బంకులోంచి వెనక్కి తీస్తుండగా బండి సిమెంటు దిమ్మకు తగిలింది. వెనక బంపరు చీలింది, పక్క తలుపు లోపలికి సొట్టపోయింది. ఎవరికీ గీత కూడా పడలేదు. మా ఆవిడ పాపను దగ్గరికి తీసుకుని, "ఇన్సూరెన్స్ ఉందన్నారు కదా?" అని నా వంక చూసింది. ఉందనే అన్నాను. ఉందనే నమ్మాను.

మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. రిపేరుకు 1,640 డాలర్లు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ అద్దెకు పోనందుకు 260, ఆఫీసు ఖర్చుల కింద 150. మొత్తం 2,050. కార్డు బీమాకు క్లెయిమ్ పెట్టాను. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ప్రమాద సమయంలో బండి నడుపుతున్నది ఎవరు? అగ్రిమెంట్‌లో ఆ పేరు ఉందా?

నేనే నడిపానని రాసేయమని ఇద్దరు స్నేహితులు చెప్పారు. వాళ్లు నా మంచి కోరే చెప్పారు. కానీ బీమా కాగితంలో అబద్ధం రాయడం అమెరికాలో నేరం. వీసా మీదో గ్రీన్‌కార్డు కోసం వరుసలోనో ఉన్న మనిషికి అలాంటి కేసు రెండు వేల డాలర్లతో పోయేది కాదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. క్లెయిమ్ తిరస్కరించారు. మా సొంత కారు పాతది కావడంతో దానికి ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే బీమా కట్టేవాణ్ణి, మన బండి డ్యామేజీకి లేదు. అందుకని ఆ దారీ మూసుకుపోయింది. మొత్తం చేతినుంచే కట్టాను. బావమరిది రూపాయల్లో పంపిస్తానని నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఒప్పుకోలేదు. తప్పు వాడిది కాదు. అడిగినప్పుడు వాడి పేరు చెప్పనివాణ్ణి నేను, వాడు అడిగినప్పుడు కాదనలేకపోయినవాణ్ణీ నేనే.

ఈ పుస్తకంలో డబ్బు గురించి ఎక్కడ రాసినా మొహమాటం దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. అప్పు ఇచ్చేటప్పుడు, హామీ సంతకం పెట్టేటప్పుడు మొహమాటం ఎంత పని చేస్తుందో ముందు అధ్యాయాల్లో చూశాం. క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే ప్రయాణ బీమాకూ మొహమాటానికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. చాలా ఉంది. ఈ బీమాకు మీరు డబ్బు కట్టరు, షరతులు పాటిస్తారు. ఆ షరతుల్లో సగం, ఎదురుగా మనిషి నిలబడి ఉండగా "ఆగండి", "కాదు", "ఇది రాయండి" అని అనగలగడమే. ఇంటి దగ్గర ముందే తెలుసుకుని వెళ్తే తప్ప కౌంటర్ దగ్గర అది నోటికి రాదు.

ముందు కౌంటర్‌లో ఏమేం అమ్ముతారో విడదీసి చూద్దాం. అమెరికాలో అద్దె కారు కౌంటర్‌లో సాధారణంగా నాలుగు రకాల రక్షణ అమ్ముతారు. మొదటిది కొలిజన్ డ్యామేజ్ వేవర్: బండికి దెబ్బ తగిలినా, బండి దొంగతనానికి గురైనా ఆ డబ్బు మిమ్మల్ని అడగం అని అద్దె కంపెనీ ఇచ్చే మాట. రెండోది లయబిలిటీ: మీ వల్ల ఎదుటివాళ్లకు, వాళ్ల బండికి జరిగే నష్టం. మూడోది మీకూ మీతో ఉన్నవాళ్లకూ ఆ ప్రమాదంలో అయ్యే గాయాలకు. నాలుగోది బండిలోంచి పోయే సామాన్లకు. క్రెడిట్ కార్డు సాధారణంగా తీర్చేది ఈ నాలుగింటిలో మొదటిదాన్నే. అది కారు రేకును కాపాడుతుంది. రోడ్డు దాటుతున్న మనిషిని మీరు గుద్దితే ఆ మనిషికీ, ఎదుటి కారుకూ, మీ వెనక సీట్లో ఉన్న అత్తయ్య విరిగిన చేతికీ చాలా కార్డులు ఒక్క డాలరు ఇవ్వవు.

"నా కార్డుకు ఉంది" అని ఒక్క మాటతో నాలుగింటికీ అడ్డంగా తలూపేవాళ్లను నేను చాలామందిని చూశాను. అమెరికాలో సొంత కారు ఉండి దానికి బీమా కడుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల లయబిలిటీ కవర్ మామూలుగా ఆ దేశంలో తీసుకున్న అద్దె కారుకు కూడా వస్తుంది. కానీ పిల్లల్ని చూడటానికి ఇండియా నుంచి వచ్చినవాళ్లకు, ఆఫీసు పనిమీద నాలుగు వారాలకు వచ్చినవాళ్లకు, అప్పుడే దిగిన విద్యార్థులకు అలాంటి పాలసీ ఏదీ ఉండదు. చట్టం ప్రకారం ఉండాల్సిన కనీస మొత్తం ఉన్నా అది ఏ మూలకు? కాలిఫోర్నియాలో గాయపడ్డ మనిషికి ఉండాల్సిన కనీస లయబిలిటీ 2025 జనవరి 1న 15,000 డాలర్ల నుంచి 30,000కు పెరిగింది. పెరిగిన తర్వాత కూడా ఆ దేశంలో అది ఒక పెద్ద ఆపరేషన్‌కు చాలదు. మిగిలింది మిమ్మల్నే అడుగుతారు. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: సొంత కారు బీమా లేనివాళ్లు డ్యామేజ్ వేవర్ వద్దన్నా సరే, లయబిలిటీ మాత్రం డబ్బు పెట్టి తీసుకోండి. ఇందులో బేరం ఆలోచించకండి.

కౌంటర్ దగ్గర మీరు మీకే వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఇది కారుకా, మనిషికా? కారుకైతే కార్డు ఉందేమో చూడండి. మనిషికైతే కార్డు లేదనే అనుకోండి.

ఇక కారు సంగతి. కార్డు కవర్‌లో రెండు రకాలున్నాయి, ప్రైమరీ, సెకండరీ అని. ప్రైమరీ అంటే బండికి దెబ్బ తగిలితే కార్డు బీమాయే ముందుగా డబ్బు చెల్లిస్తుంది, మీ సొంత కారు బీమా వాళ్లకు చెప్పాల్సిన పని ఉండదు, మీ ప్రీమియం మీద ఆ మచ్చ పడదు. సెకండరీ అంటే ముందు మీ సొంత కారు బీమాను వాడుకోవాలి, అది ఇవ్వగా మిగిలినది, ముఖ్యంగా మీరు మొదట భరించే డిడక్టబుల్ మొత్తాన్ని కార్డు ఇస్తుంది. చేజ్ సఫైర్ ప్రిఫర్డ్, సఫైర్ రిజర్వ్ లాంటి కార్డుల్లో ప్రైమరీ ఉంది. ఏడాది ఫీజు లేని చాలా కార్డుల్లో సెకండరీయే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులతో ఉచితంగా వచ్చేదీ సెకండరీయే. వాళ్ల దగ్గర ముందుగా నమోదు చేసుకుంటే ఒక్కో అద్దెకు కొంత మొత్తం తీసుకుని ప్రైమరీ ఇచ్చే పథకం వేరే ఉంది. అది రోజు లెక్కన కాదు, మొత్తం అద్దెకు ఒకేసారి. వారం పది రోజుల ప్రయాణానికి కౌంటర్ ధరతో పోలిస్తే అది చాలా చవక. సొంత కారు బీమా అసలే లేనివాళ్లకు సెకండరీ కూడా ప్రైమరీలాగే పనిచేస్తుంది, ముందు అడగడానికి వేరే పాలసీ లేదు కాబట్టి. ఈ సంగతి తెలియక సెకండరీ అనే మాట చూసి భయపడే విద్యార్థులు ఎంతోమంది.

టికెట్లు కొన్న రోజు రాత్రి ఒక గంట తీసుకోండి. కార్డు వెబ్‌సైటులో గైడ్ టు బెనిఫిట్స్ అనే పత్రం ఉంటుంది. మీ కార్డుదే, ఈ ఏటిదే తెరవండి. పాతది చదివి లాభం లేదు. 2019 సెప్టెంబర్‌లో సిటీ తన కార్డుల్లో చాలావాటి నుంచి అద్దె కారు కవర్‌ను, ప్రయాణ రక్షణలను ఒక్కసారిగా తీసేసింది. డిస్కవర్ అంతకుముందే 2018లో తీసేసింది. ఆ ముందు ఏడు ఉంది కదా అనుకుని బయల్దేరినవాళ్లు ఎంతమందో. పత్రం పొడవుగా ఉంటుంది, అక్షరాలు చిన్నవి. మొత్తం చదవక్కర్లేదు, "ఏవి వర్తించవు" అన్న భాగం మాత్రం వదలకుండా చదవండి. ప్రయోజనాల జాబితా ఎవరైనా చెబుతారు, మినహాయింపులు మీకు మీరే చదువుకోవాలి.

ఆ మినహాయింపుల్లో మన కుటుంబాలకు తగిలేవి కొన్ని ఉన్నాయి. అమెరికాలో తెలుగువాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి పెద్ద వ్యాన్ తీసుకుని పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లడం మామూలు. పన్నెండు మంది, పదిహేను మంది పట్టే ఆ వ్యాన్లకు కార్డు కవర్ సాధారణంగా ఉండదు. ఏడెనిమిది మంది పట్టే మినీవ్యాన్‌కు ఉంటుంది. పెద్ద వ్యాన్ తీసుకుంటే కౌంటర్‌లో వేవర్ కొనండి, లేదా రెండు మినీవ్యాన్లు తీసుకోండి. విద్యార్థులు ఎక్కువగా వాడే టూరో లాంటి, మనుషుల సొంత కార్లను అద్దెకిచ్చే యాప్‌ల బండ్లకు చాలా కార్డులు కవర్ ఇవ్వవు. ఇల్లు మారేటప్పుడు తీసుకునే ట్రక్కుకు ఉండదు. ఖరీదైన స్పోర్ట్స్ కారుకు ఉండదు. మట్టిదారిలో, రోడ్డు లేనిచోట తోలితే ఉండదు.

రోజుల లెక్క కూడా చూడండి. చాలా వీసా కార్డుల్లో సొంత దేశంలో 15 రోజులు, బయట 31 రోజులు. ఇక్కడ పొరపడేవాళ్లు చాలామంది: 31 రోజుల కవర్ ఉన్నప్పుడు 33 రోజులకు బండి తీసుకుంటే పోయేది ఆఖరి రెండు రోజులు మాత్రమే అనుకుంటారు. అలా కాదు, మొదటి రోజునుంచీ కవర్ లేనట్టే. దేశం కూడా ముఖ్యమే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఆస్ట్రేలియా, ఇటలీ, న్యూజిలాండ్‌లను మినహాయించింది. చాలా వీసా కార్డుల పత్రాల్లో ఐర్లండ్, ఇజ్రాయెల్, జమైకాల పేర్లుంటాయి. ఇటలీ టూరుకు ఏ కార్డు జేబులో పెట్టుకోవాలన్నది ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడవచ్చు.

ఇండియాలో ఇచ్చిన క్రెడిట్ కార్డులతో అమెరికా వచ్చేవాళ్లకు ఒక మాట. మన బ్యాంకుల కార్డుల్లో విమాన ప్రమాదానికి, పోయిన సామాన్లకు, కొన్నిటిలో విదేశంలో అత్యవసర ఆసుపత్రి ఖర్చులకు కవర్ ఉంటుంది కానీ అద్దె కారు డ్యామేజీకి సాధారణంగా ఉండదు. అమెరికాలో ఉన్న కొడుకు "కార్డుకు ఉంటుంది నాన్నా, వేవర్ వద్దను" అని ఫోన్‌లో చెప్పేది తన కార్డు గురించి. తండ్రి ఇచ్చేది తన కార్డు. ఆ ఒక్క తేడా చూసుకోకుండా సంతకం పెట్టకండి.

షరతుల్లో చివరిది, నన్ను ముంచినది, పేర్లు. అగ్రిమెంట్ కార్డున్నవాళ్ల పేరుమీద ఉండాలి. అద్దె మొత్తం అదే కార్డుతో కట్టాలి, సగం ఒక కార్డు సగం ఇంకో కార్డు పనికిరాదు. కౌంటర్‌లో డ్యామేజ్ వేవర్‌ను వద్దనాలి. అది తీసుకుంటే కార్డు కవర్ పక్కకు పోతుంది. నడిపే ప్రతి మనిషి పేరూ అగ్రిమెంట్‌లో ఉండాలి. అదనపు డ్రైవరుకు రోజుకు కొన్ని డాలర్లు అడుగుతారు, భార్యాభర్తలకు చాలాచోట్ల ఉచితం. ఆ కొన్ని డాలర్లు మిగిల్చుకోబోయి ఏమైందో పైన చదివారు. ఎవరు నడుపుతారన్నది బయల్దేరే ముందురోజు భోజనాల దగ్గర తేల్చుకోండి. "బావా, నువ్వు నడుపుతావా? అయితే లైసెన్సు పట్టుకురా, పేరు రాయిద్దాం" అని ఇంట్లో అనడం తేలిక. హైవే పక్కన "నీకివ్వను" అనడం చాలా కష్టం. మొహమాటం పడాల్సిన క్షణం రాకుండా ముందే చూసుకోవడం తప్ప దానికి మరో మందు నాకు దొరకలేదు.

కౌంటర్‌లో చెప్పే మాటలు ఇంట్లో ఒకసారి పైకి అనుకోండి. అద్దం ముందు కాకపోయినా వంటింట్లోనైనా. "డ్యామేజ్ వేవర్ వద్దు. లయబిలిటీ కావాలి. ఇంకో డ్రైవర్ ఉన్నారు, ఇదిగో లైసెన్సు." ఈ మూడు మాటలూ వాళ్ల భాషలో నోటికి వచ్చేదాకా అనుకోండి. కౌంటర్‌లో మనిషి తన పనిలో భాగంగా రెండోసారి, మూడోసారి అడుగుతాడు, ఏమన్నా అయితే మొత్తం కారు ఖరీదు మీ మీద పడుతుందని చెబుతాడు. అందులో అబద్ధం లేదు. మీ దగ్గర కార్డు కవర్ పక్కాగా ఉంటే మాత్రం అదే మాట మళ్లీ నెమ్మదిగా చెప్పండి, సర్దిచెప్పుకోవాల్సిన పని లేదు. తెర మీద సంతకం పెట్టేముందు ఏ గడిలో టిక్కు ఉందో చూడండి. వెనక వరుస ఆగుతుంది.

బండి తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయండి: నాలుగు పక్కలు, చక్రాలు, ముందు అద్దం, పైకప్పు, మైలు మీటరు. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అంతా తీయండి, అది ఇంకా ముఖ్యం. ఒకసారి ఓర్లాండోలో బండి అప్పగించి వచ్చిన పది రోజులకు తలుపు మీద గీత ఉందని ఉత్తరం వచ్చింది. అప్పగించిన చోట తీసిన నిమిషంన్నర వీడియో పంపాను. మళ్లీ ఉత్తరం రాలేదు.

నిజంగా దెబ్బ తగిలితే ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ గంటలో బుర్ర పనిచేయదు. మనుషులు బాగున్నారో లేదో చూసుకున్నాక ఫోటోలు తీయండి, వేరే బండి ఉంటే పోలీసు రిపోర్టు నంబరు తీసుకోండి, అద్దె కంపెనీకి చెప్పండి. ఇంటికి చేరగానే కార్డు బీమా వాళ్లకు సమాచారం ఇవ్వండి. సమాచారం ఇవ్వడానికీ, కాగితాలు పంపడానికీ వేరు వేరు గడువులుంటాయి, బిల్లు వచ్చాక చూద్దాం అనుకుంటే మొదటి గడువు దాటిపోతుంది. అక్కడికక్కడే కంపెనీకి డబ్బు కట్టేసి, ఏ నష్టానికి ఎంతో రాసిన కాగితం తీసుకోకపోతే తర్వాత చిక్కు. వాళ్లు అడిగేవి ఇవి: అగ్రిమెంట్ మొదటి ప్రతి, చివరి ప్రతి, కార్డు స్టేట్‌మెంట్, రిపేరు వివరంగా రాసిన బిల్లు, ఫోటోలు, అద్దె కంపెనీ డబ్బు అడిగిన ఉత్తరం. బండి ఖాళీగా ఉన్నందుకు వేసిన నష్టాన్ని కార్డు భరించాలంటే, ఆ రోజుల్లో వాళ్ల దగ్గర బండ్లన్నీ నిజంగా అద్దెకు పోయాయని చూపే రికార్డు కావాలంటారు. ఆ రికార్డు అద్దె కంపెనీయే ఇవ్వాలి, అడిగితేనే ఇస్తుంది. రాతలో అడగండి, ఒకసారి కాదు, ఇచ్చేదాకా. ప్రమాదంవల్ల బండి మారుబేరం విలువ తగ్గిందని అడిగే మొత్తాన్ని మాత్రం చాలా కార్డులు ఇవ్వవు.

విమాన ప్రయాణంలో కార్డు ఇచ్చే రక్షణ ఇంత చిక్కుగా ఉండదు. విమానం ఆలస్యమైతే హోటల్, భోజనం ఖర్చులు, సామాను ఆలస్యమైతే బట్టలు, సబ్బు, బ్రష్షు ఖర్చు. సఫైర్ ప్రిఫర్డ్‌లో ఆలస్యం 12 గంటలు దాటాలి లేదా రాత్రి ఆగాల్సి రావాలి, రిజర్వ్‌లో 6 గంటలు చాలు. రెంటిలోనూ టికెట్‌కు 500 డాలర్ల దాకా. ఆలస్యానికి కారణం రాసిన కాగితాన్ని విమాన సంస్థ దగ్గర ఆ రోజే తీసుకోండి, రసీదులు పారేయకండి. సామాను రాకపోతే విమానాశ్రయం దాటి బయటికి వచ్చేముందే రిపోర్టు రాయించండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె పాడైతే అందిన 7 రోజుల్లో, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లో విమాన సంస్థకు రాతలో ఫిర్యాదు చేయాలి. ఇండియా కూడా ఆ ఒప్పందంలో ఉంది. కార్డు బీమా సాధారణంగా విమాన సంస్థ ఇచ్చినదానికి పైన మిగిలింది మాత్రమే ఇస్తుంది కాబట్టి ఈ ఫిర్యాదు లేకపోతే ఆ వాకిలీ మూసుకుపోతుంది.

అమ్మానాన్నల టికెట్లు మీ కార్డుతో కొన్నారు కాబట్టి వాళ్లకు అమెరికాలో ఆరోగ్య బీమా ఉన్నట్టే అనుకోవడం నేను చూసిన పొరపాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైంది. లేదు. కార్డుల్లో వైద్య ఖర్చులకిచ్చే మొత్తం ఉన్నచోట కూడా చాలా చిన్నది. ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులు అందులో చేరవు. వాళ్లకు వేరే విజిటర్ ఇన్సూరెన్స్ కొనండి, వాళ్ల జబ్బులన్నీ ముందే చెప్పి కొనండి. యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవర్ ఉన్న పత్రం చూపాలి. కార్డు బీమా చూపిద్దాం అనుకుంటే, ఆ మొత్తమూ ఆ తేదీలూ రాసిన ఉత్తరం కంపెనీ ఇస్తుందో లేదో ముందు అడగండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఏటా ఆరు నెలలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండే పెద్దలకు కూడా ఇదే మాట: మెడికేర్ సాధారణంగా అమెరికా దాటి బయట పనిచేయదు.

ఇప్పుడు విమానం ఎక్కనివాళ్ల కార్డు గురించి కొంచెం చెప్పాలి. ఇది రాయకపోతే అధ్యాయం రాసినట్టే కాదు నాకు. మా ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో ఒక రూపే కార్డు ఉంది, జన్‌ధన్ ఖాతాతో వచ్చింది. చాలా ఇళ్లలో అది బియ్యం డబ్బా పక్కనో పాస్‌బుక్ మడతల్లోనో ఉంటుంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన జన్‌ధన్ ఖాతాల రూపే కార్డుకు 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది, అంతకుముందు తెరిచినవాటికి లక్ష. ప్రీమియం కట్టక్కర్లేదు. షరతు ఒకటుంది: ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డుతో ఒక్క లావాదేవీ అయినా జరిగి ఉండాలి. ఏటీఎంలో బ్యాలెన్సు చూసుకున్నా చాలు.

ట్రాక్టరు బోల్తాపడి చనిపోయిన ఒక మనిషి ఇంట్లో పదకొండో రోజు కార్యానికి వెళ్లినప్పుడు ఆ భార్యను అడిగాను, రూపే కార్డు ఉందా అని. ఉంది, కవరులోంచి తీయనైనా తీయలేదు. ఏటీఎం ఎందుకు, బ్యాంకుకు వెళ్లి తెచ్చుకుంటాం కదా అని వాళ్లనుకున్నారు. 90 రోజుల్లో ఒక్కసారి మిషన్‌లో పెట్టి ఉంటే పిల్లల చదువుకు 2 లక్షలు వచ్చేవి. ఆ ఇంటి గుమ్మంలో నిలబడి నాకు అనిపించింది, ఈ సమాచారం తెలిసినవాళ్లం తెలియనివాళ్లకు చెప్పకపోవడం చిన్న తప్పు కాదని. మీ అమ్మగారి దగ్గర, మీ ఇంట్లో పనిచేసే మనిషి దగ్గర, మీ చేను చేసే రైతు దగ్గర ఆ కార్డు ఉంటే వాళ్లను మూడు నెలలకోసారి ఏటీఎం దాకా తీసుకెళ్లండి. నామినీ పేరు రాసి ఉందో లేదో బ్యాంకులో చూడండి. రైలు టికెట్ ఐఆర్‌సీటీసీలో కొనేటప్పుడు 45 పైసల బీమా గడి కనిపిస్తుంది. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. టిక్కు పెట్టడమే కాదు, తర్వాత వచ్చే లింకులో నామినీ పేరు కూడా నింపండి.

మీ ఖరీదైన కార్డుకూ ఇదే వర్తిస్తుంది. విమాన ప్రమాదానికి కోటి రూపాయల కవర్ ఉందని మీకు తెలుసు. మీ ఆవిడకు తెలుసా? మీ నాన్నగారికి తెలుసా? ఆ డబ్బు అడగాల్సింది మీరు లేని రోజున వాళ్లే. ఒక తెల్ల కాగితం మీద ఏ కార్డుకు ఏ కవర్ ఉందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఎన్ని రోజుల్లో చెప్పాలో రాసి బీరువాలో పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.

కిందటేడు బావమరిది మళ్లీ వచ్చాడు. ఈసారి యెల్లోస్టోన్. కౌంటర్ దగ్గర నేను కార్డు తీసేలోపే తన లైసెన్సు తీసి బల్లమీద పెట్టాడు. "నా పేరు కూడా రాయించు బావా" అన్నాడు. అదనపు డ్రైవరుకు రోజుకు 13 డాలర్లు. లయబిలిటీకి అవును, డ్యామేజ్ వేవర్‌కు కాదు. సంతకం పెట్టేముందు ఇద్దరం తెర మీద గడులు చదివాం. బయట చీకటి పడుతోంది. మావయ్య ఫోన్ టార్చి పట్టుకుని బండి చుట్టూ ముందు నడిచాడు, వాడు వెనకే వీడియో తీశాడు. వెనక బంపరు దగ్గర మావయ్య ఆగి, కిందికి వంగి, ఒక పాత గీత మీద వెలుగు పెట్టి, "ఇది కూడా తియ్యరా" అన్నాడు.